బకాయిల కెమెరా

మా ఇంట్లో నా కెమెరాకు పెట్టిన పేరు బకాయిల కెమెరా. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ఆరో వేతన సంఘం బకాయిలను రెండు విడతలుగా చెల్లించారు. 2008లో 40 శాతం ఇచ్చి, మిగిలిన 60 శాతం ఆ మరుసటి ఆర్థిక సంవత్సరంలో ఇచ్చారు. తపాలా శాఖలో గుమాస్తాగా పనిచేస్తున్న నాకు ఆ రెండో విడత చేతికందినప్పుడు అమ్మ జోడు గాజులు చేయించుకోమంది, మా వారు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామన్నారు. నేను ఆబిడ్స్‌లో ఆఫీసు వదిలిన ఒక సాయంత్రం నేరుగా కోఠికి నడిచి వెళ్ళి నికాన్ డి90 కొనుక్కుని ఇంటికి వచ్చాను. తరవాతి ఏళ్ళలో బంగారం ధర పెరిగినప్పుడల్లా అమ్మ ఆ గాజుల లెక్క తీసేది. ఆ లెక్కకు నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

కెమెరా మీద మనసు పడడానికి మూలం మాత్రం అంతకుముందు సంగతి. 2006 నవంబరులో తపాలా శాఖ రాజా దీన్‌దయాళ్ స్మారకంగా ఐదు రూపాయల తపాలా బిళ్ళను విడుదల చేసింది. 1844లో ఉత్తరాదిన పుట్టి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయన 1892లో ఘోషా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో కూడా తెరిచి, అక్కడ ఫోటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. కౌంటరులో కూర్చుని ఆ బిళ్ళలు చింపి ఇస్తున్న రోజుల్లోనే నాకు ఈ సంగతులు తెలిశాయి. పరదా వెనక ఉన్న ఆడవాళ్ళు ఫోటో దిగడమే గగనమైన కాలంలో, ఇదే ఊళ్ళో, కెమెరా వెనక ఒక స్త్రీ నిలబడిందన్న విషయం నన్ను పట్టుకుని వదల్లేదు. మనకూ ఒక మంచి కెమెరా ఉంటే బాగుండుననిపించింది. ఆ కోరికకు డబ్బు సమకూరడానికి వేతన సంఘం దాకా ఆగవలసి వచ్చింది, అంతే.

అంతకుముందు ఇంట్లో ఉన్నది యాషికా ఎంఎఫ్-2. మీట నొక్కడం, రీలు తిప్పడం తప్ప దానిలో మనం చేసేదేమీ ఉండదు. తిరుపతి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా 36 ఫోటోల రీలు ఒక్కటే. చివరి రెండు మూడు మిగిలిపోతే, కడిగించడానికి ఇచ్చే ముందు పిల్లల్ని గుమ్మంలో నిలబెట్టి పూర్తి చేసేవాళ్ళం. మా ఆల్బముల నిండా ఆ గుమ్మం ఫోటోలే. ఇవాళ చూస్తే తిరుమలలో దిగిన వాటికంటే అవే ఎక్కువ బాగుంటాయి, కారణం నాకు తెలియదు.

డి90 విడుదలైంది 2008 ఆగస్టులో. 12.3 మెగాపిక్సెళ్ళ సెన్సరు, వెనక మూడంగుళాల తెర, బ్యాటరీ మినహాయిస్తే 620 గ్రాముల బరువు. అద్దం ఉన్న డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాలలో వీడియో తీయగలిగిన మొట్టమొదటిది అదే. ఆ వీడియో కూడా ఎలాంటిదంటే, 720పి నాణ్యతలో ఒక దఫాకు ఐదు నిమిషాలకు మించి రికార్డు కాదు, తీస్తున్నంతసేపూ ఫోకస్ మనమే చేత్తో తిప్పుకోవాలి. అమ్మ ఆవకాయ కలుపుతుండగా తీసిన వీడియో ఒకటి నా దగ్గర ఉంది. అందులో ఆవిడ కాయ ఎంపిక గురించి, ముక్కకు టెంక అంటుకుని ఉండవలసిన అవసరం గురించి, పొరుగింటావిడ పెట్టిన ఆవకాయ బూజు పట్టడానికి గల కారణాల గురించి తీరుబడిగా చెప్పుకొచ్చి, చివరికి ఆవపిండికీ ఉప్పుకీ పాళ్ళు చెప్పబోయే చోట ఐదు నిమిషాలు నిండిపోయాయి. ఆవిడ చెయ్యి ఉప్పు జాడీలో ఉండగా బొమ్మ ఆగిపోతుంది. అమ్మ పోయాక ప్రతి వేసవిలోనూ అక్కా నేనూ ఫోన్లో ఆ పాళ్ళ గురించి వాదించుకుంటూనే ఉన్నాం.

ఈ కెమెరా నాకు నిజంగా వశమైంది మాత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో. మా అమ్మాయి అప్పటికి కూచిపూడి నేర్చుకుంటూ ఉండేది. గురువుగారి శిష్యులందరి కార్యక్రమాలకూ ఫోటోలు తీసే బాధ్యత, అడిగేవాళ్ళు లేకపోయినా, క్రమంగా నా మీద పడింది. సభలోపల వెలుతురు తక్కువ. వేదిక మీది లైట్లు కంటికి ప్రకాశంగానే కనిపిస్తాయి గానీ కెమెరాకు అది చాలదు. కెమెరాతో వచ్చిన 18-105 జూమ్ లెన్సును పూర్తిగా ముందుకు లాగితే దాని ద్వారం ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది). అక్కడ తీసినవన్నీ చేతులకు బదులు గాలిలో పసుపు చారలు. అప్పుడు కోఠిలోనే 50 ఎంఎం ఎఫ్ 1.8డి లెన్సు కొన్నాను. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 దగ్గర లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పదింతలు. డి90లో ఉన్న డీఎక్స్ సెన్సరు పాత ఫిల్ము కంటే చిన్నది, దాని మీద ఆ 50 ఎంఎం, పాత ఫిల్ము లెక్కలో చెప్పాలంటే, 75 ఎంఎంలాగా చూపిస్తుంది కాబట్టి మూడో వరసలో కూర్చుంటే నర్తకి పాదాల నుంచి కిరీటం దాకా సరిగ్గా పడుతుంది.

అయినా ఇబ్బందులు తీరలేదు. డి90లో ఐఎస్ఓ, అంటే వెలుతురును పట్టే స్థాయి, 200 నుంచి 3200 వరకు ఉన్నా, 1600 దాటితే నలుపులో ఇసుక చల్లినట్టు రవ్వలు వస్తాయి. కాబట్టి 1600 దగ్గర ఆగి, ఎఫ్ 2 పెట్టి లెక్క చూసుకుంటే షట్టరు తెరిచి ఉంచడానికి సెకనులో 125వ వంతు దక్కుతుంది. కూచిపూడి జతి వేగంలో ఉండగా 125వ వంతు సరిపోదు, చెయ్యీ జడా చెదిరిపోతాయి. మరి ఎప్పుడు తీయాలి? జతిని ముగించే తీర్మానం పూర్తయి, నట్టువాంగం తాళాలు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, గట్టిగా పడి, నర్తకి మోకాళ్ళు వంచి అరమండిలో నిలిచే ఆ క్షణంలో తీయాలి. ఆ నిలకడ ఎంతోసేపు ఉండదు. కంటితో చూశాక మీట నొక్కితే దాటిపోతుంది. చెవితో ముందే పట్టుకోవాలి. అందుకని నేను తాళం వినడం నేర్చుకోవలసి వచ్చింది. సంగీతం వచ్చినదాన్ని కాను. మొదట్లో మా అమ్మాయి పక్కన కూర్చుని నా మోకాలి మీద వేలితో లెక్క కొట్టి చూపించేది. కొన్నాళ్ళకు మృదంగం వరస మారుతుండగానే నా వేలు మీట మీదికి వెళ్ళిపోయేది.

ఇంకొకటి. ఈ కెమెరాలో అద్దం పైకి లేచి పడే చప్పుడు పెద్దది. పదం అనే నెమ్మది పాటను అభినయిస్తున్నప్పుడు, వయొలిన్ మాత్రమే వినిపిస్తున్నప్పుడు టక్కుమంటే ముందు వరసలోని పెద్దలు తల తిప్పి చూస్తారు. మృదంగం మోగుతున్నప్పుడే నొక్కాలన్న నియమం అలా ఏర్పడింది. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి అడుగులు వేసే ఘట్టం నాకు అన్ని విధాలా అనుకూలం. పళ్ళెం నేలను రాసే శబ్దంలో నా అద్దం చప్పుడు కలిసిపోయేది. పైగా పై భాగమంతా నిలకడగా ఉండి పాదాలు మాత్రమే కదులుతాయి కాబట్టి ముఖం స్పష్టంగానూ, పళ్ళెం కొద్దిగా చెదిరీ వస్తుంది. అలా వచ్చిన ఒక ఫోటోను గురువుగారు పెద్దది చేయించి తరగతి గదిలో గోడకు తగిలించుకున్నారు.

ఆ అద్దం గురించి ఒక మాట. లెన్సు నుంచి వచ్చే వెలుతురును పైకి, కంటి వైపుకు మళ్ళించేది అదే. మీట నొక్కగానే అది లేచి సెన్సరుకు దారి ఇస్తుంది, అంటే ఫోటో పడుతున్న ఆ వంతు సెకను మన కంటికి చీకటే. తీసిన ప్రతి ఫోటోలోని క్షణాన్నీ, తీసినవాళ్ళు కెమెరాలోంచి చూడలేదన్నమాట. దానికి ముందున్నదీ తరవాతదీ చూస్తాం, మధ్యది ఊహించి పట్టుకుంటాం. చాలాకాలం ఈ సంగతి తెలియకుండానే తీశాను. తెలిశాక మొదటిసారి సభలో కూర్చున్నప్పుడు నా పని మీద నాకే ఒక రకమైన గౌరవం కలిగింది.

మా అక్క కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటికి వచ్చినప్పుడల్లా, "పిన్నీ, నీ పన్నెండు మెగాపిక్సెళ్ళు ఇంకా మోస్తున్నావా? నా ఫోనులోనే 200 ఉన్నాయి," అంటాడు. వాడి ఫోను మంచిదే. పుట్టినరోజు నాటి రాత్రి కేకు ముందు అందరినీ నిలబెట్టి తీయడానికి నేనూ ఫోనే వాడతాను. అది ఒక్క నొక్కుకు ఎన్నో చిత్రాలు తీసి, కలిపి, రవ్వలు తుడిచి ఇస్తుంది, నా కెమెరాకు ఆ విద్య రాదు. కానీ మెగాపిక్సెళ్ళ లెక్క ఒక్కటే లెక్క కాదని వాడికి ఒకసారి కాగితం మీద వేసి చూపించాను. నా సెన్సరు కొలత 23.6 బై 15.8 మిల్లీమీటర్లు. అలాంటి ఫోనుల్లోని సెన్సరు వైశాల్యం ఇందులో ఐదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఇక 12 మెగాపిక్సెళ్ళంటే 4288 బై 2848 చుక్కలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేసినా 14 అంగుళాల వెడల్పు, తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు వస్తుంది. పెళ్ళిళ్ళ కరిష్మా ఆల్బములు వేసే 12 బై 18 కాగితానికి కూడా పెద్దగా లోటు కనిపించదు. మా ఇంటి గోడకు అంతకంటే పెద్ద ఫోటో పట్టదు కూడా.

వాడు ఒప్పుకోలేదు. స్నేహితుడి దగ్గర లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి అడిగి తెచ్చి, "ఈసారి ప్రోగ్రాముకు దీంతో తియ్యి, తరవాత మాట్లాడదాం," అన్నాడు. తీశాను. నర్తకి వేదిక మీద ఏ మూలకు వెళ్ళినా ఆ కెమెరా కన్ను వెతికి పట్టుకుని వదల్లేదు. చప్పుడు లేదు. ఐఎస్ఓ 6400 దగ్గర కూడా నలుపు నల్లగానే ఉంది. నా కెమెరాలో ఎప్పటికీ రాని భామాకలాపం జడ విసురు ఒకటి, కుచ్చుల దాకా విడివిడిగా, దానిలో వచ్చింది. ఇన్ని మంచి గుణాలు చెప్పాక ఇది చెప్పడం న్యాయం కాదేమో గానీ, ఇంటికొచ్చి చూసుకుంటే లెక్కలేనన్ని ఫోటోలు ఉన్నాయి, వాటిలో ఏది ఎందుకు తీశానో నాకు గుర్తు లేదు. మీట నొక్కి పట్టుకుంటే అదే వరసగా తీసుకుపోయింది. జతి ఎక్కడ మొదలైంది, తీర్మానం ఎక్కడ పడింది అని మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం నేను తాళం వినలేదు. రోజంతా కౌంటరులో లెక్కలు చూసి వచ్చిన మనిషికి ఆ రెండు గంటల వినికిడే అసలు ఆదాయం. ఫోటోలు దాని మీద వచ్చే వడ్డీ. కెమెరాను తిరిగి ఇచ్చేశాను.

ఇందులో డబ్బు విషయమూ లేకపోలేదు. నా 50 ఎంఎం పాత రకం లెన్సు, దానిలో మోటారు ఉండదు. కెమెరా లోపలి మోటారే ఒక చిన్న మరను తిప్పి దానిని ఫోకస్ చేస్తుంది. డి90లో ఆ మోటారు ఉంది. 2018లో నికాన్ మొదలుపెట్టిన జెడ్ అనే మిర్రర్‌లెస్ కెమెరాలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో ఈ లెన్సు తగిలించుకోవచ్చు గానీ ఆ అడాప్టరులో మోటారు లేదు కాబట్టి ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. అంటే కెమెరా మారిస్తే లెన్సూ మార్చాలి, దాంతో బ్యాటరీలూ కార్డులూ మారతాయి. రిటైర్మెంటుకు దగ్గరపడుతున్న గుమాస్తాకు మరో వేతన సంఘం బకాయిలు వస్తే తప్ప కుదిరే వ్యవహారం కాదు.

విచిత్రమేమిటంటే కెమెరా మారకపోయినా ఫోటోలు మారాయి. మొదటి నుంచీ నేను రా ఫైళ్ళలోనే, అంటే సెన్సరు పట్టింది పట్టినట్టుగా ఉండే ఫైళ్ళలోనే, తీసి దాచుకున్నాను. 2023లో ఫోటోలు దిద్దే అడోబ్ లైట్‌రూమ్‌లో డీనాయిజ్ అనే సదుపాయం వచ్చినప్పుడు మా అక్క కొడుకే తన ల్యాప్‌టాప్‌లో నా పాత గానసభ ఫైళ్ళు కొన్ని వేసి చూశాడు. 1600 దగ్గర తీసిన వాటిలోని రవ్వలు పోయి, మా అమ్మాయి చిన్నప్పటి ముఖం మీద చెమట చుక్కలు, ముక్కు మీద చెదిరిన పౌడరు బయటపడ్డాయి. ఫైల్లో అవి అన్నేళ్ళూ ఉన్నాయి, రవ్వల కింద. వాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత మెగాపిక్సెళ్ళ మాట ఎత్తడం కొంత తగ్గించాడు.

ఇదే కెమెరాతో తీసిన మా వీధుల ఫోటోలు మరొక పెట్టె. కొన్న కొత్తలో ఆదివారాలు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మీదుగా సుల్తాన్ బజార్ దాకా నడిచేదాన్ని. బడీచౌడీలో చీరల కొట్ల పైన పాత మేడల చెక్క బాల్కనీలు, వాటికి అడ్డదిడ్డంగా కరెంటు తీగలు, తీగల మధ్య పొద్దుటి ఎండ. ఇప్పుడు ఆ దారి పొడవునా తల పైన మెట్రో ఉంది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు 11 కిలోమీటర్ల ఆ మార్గాన్ని 2020 ఫిబ్రవరి 7న ప్రారంభించారు. మెట్రో ఎక్కి నేనూ ఆఫీసుకు వెళ్తున్నాను, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ సుల్తాన్ బజార్‌లో ఎండ నేల మీద పడే తీరు పూర్తిగా మారిపోయింది. పది గంటలకు గాజుల బండి మీద పడే వెలుగు ఇప్పుడు స్తంభం నీడలో పోతుంది. అదే కెమెరా, అదే లెన్సు, అదే చోటు నుంచి అప్పుడూ ఇప్పుడూ తీసిన ఫోటోలు పక్కపక్కన పెడితే మధ్యలో మారింది ఊరు ఒక్కటే అని తేటగా తెలుస్తుంది. రంగులు తేడాగా ఉంటే అది కెమెరా తేడా కాదు. మొజంజాహీ మార్కెట్ రాతి గోడలు 2020లో శుభ్రం చేయకముందు ఎంత నల్లగా ఉండేవో చెబితే మా ఆఫీసులోని కొత్త పిల్లలు నమ్మరు. నా ఫోటోలు చూసి, రంగు సరిగా రాలేదేమో మేడమ్ అంటారు. వచ్చింది.

మెట్రో పనులు జరిగిన సంవత్సరాలలో లెన్సు మార్చినప్పుడల్లా దుమ్ము లోపలికి పోయేది. ట్యాంక్ బండ్ మీద తీసిన ఆకాశాల్లో కుడివైపు పై మూల ఒక బూడిద చుక్క చాలాకాలం కాపురం ఉంది. దాన్ని తీయించడానికే మొదటిసారి గుజరాతీ గల్లీలో మరమ్మతులు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. వేలెడు వెడల్పు మెట్లెక్కి వెళ్ళాలి. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద సీసా మూతల్లో విడివిడిగా మరలు, కంటికి తగిలించుకునే భూతద్దం. కెమెరా అందుకుని ముందు ఏమీ విప్పకుండా మీట నొక్కి, అద్దం చప్పుడు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "షట్టర్ మంచిగుంది మేడమ్. లక్ష దాకా వస్తదని కంపెనీ చెప్తది, మీదింకా సగం కూడా కాలేదు. జాగర్తగ వాడినట్టున్నరు," అన్నాడు. మృదంగం వరసకు ఒక్కటే తీసే అలవాటుకు అలాంటి లాభం ఒకటుందని అప్పుడు తెలిసింది.

బ్యాటరీలే అసలు తలనొప్పి. నిండా ఛార్జి చేస్తే 850 ఫోటోల దాకా లాగే అసలు బ్యాటరీ ముసలిదైపోయింది. దాని బదులు ఒక దుకాణంలో కొన్న డూప్లికేటు ఏడాది తిరక్కుండా ఉబ్బి, అరలోంచి బయటికి రానని మొండికేసింది. పెద్దాయనే చాకచక్యంగా లాగి తీశాడు. కార్డులతోనూ ఇదే తంటా. డి90 ఎస్‌డీ, ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డులనే తీసుకుంటుంది, అంటే 32 జీబీకి మించి పనికిరాదు. దుకాణంలో 32 అడిగితే, అంత చిన్నది ఎందుకని జాలిగా చూసి 128 అంటగట్టబోతారు.

కిందటి ఏడు పెద్దాయనే ఫోన్ చేశాడు. ఎవరో డి90 ఒకటి అమ్మకానికి ఇచ్చి పోయారని, ఎక్కువ వాడినది కాదని, నా కెమెరాకు రేపు విడిభాగాలు కావాల్సి వస్తే దొరకవని, తక్కువలో ఇప్పిస్తానని చెప్పాడు. వెళ్ళి చూసి తీసుకున్నాను. మా వారు రెండు కెమెరాలనూ బల్ల మీద పక్కపక్కన చూసి, ఫిక్స్‌డ్ డిపాజిట్ మాట మళ్ళీ ఎత్తలేదు గానీ, ఒక నిట్టూర్పు విడిచారు. మా అక్క కొడుకు మాత్రం, "పదిహేనేళ్ళు పోరితే అప్‌గ్రేడ్ చేశావు పిన్నీ, డి90 నుంచి డి90కి," అని పగలబడి నవ్వాడు. ఆ నెలలోనే, వాళ్ళ పాప బడిలో డాన్సు కార్యక్రమం ఉందని, ఫోనులో చెయ్యి చెదురుతోందని, ఆ రెండోదాన్నీ 50 ఎంఎం లెన్సునూ అడిగి పట్టుకెళ్ళాడు. లెన్సు వెనక్కి వచ్చింది. కెమెరా ఇంకా వాడి దగ్గరే ఉంది.